ఐదు వాట్ల పాట: వాల్వు యాంప్లిఫైయరును సొంత చేతులతో కట్టుకోవడం
(ఇంజనీరింగు విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఈ బల్ల మీద ఉన్న వాల్వు యాంప్లిఫైయరుకు, అంటే పాట సంకేతాన్ని స్పీకరును నడిపేంతగా పెంచే యంత్రానికి, ఇప్పుడే స్విచ్చి వేశాను. మీకింకా ఏమీ వినిపించదు, అర నిమిషం ఆగాలి. ముందు వరుసలో ఉన్నవారు గమనిస్తే, వాల్వులనే ఆ గాజు బుడ్ల అడుగున సన్నని నారింజ రంగు వెలుగు నెమ్మదిగా పుడుతూ ఉంటుంది. మా చిన్నతనంలో వార్తల వేళకు రేడియో పెట్టాలంటే ఐదు నిమిషాల ముందే స్విచ్చి వేసేవారు. ఆ నిరీక్షణలోని ఆనందం ఏమిటో ఇలాంటి యంత్రాన్ని స్వయంగా కట్టుకున్న తరువాతనే నాకు పూర్తిగా తెలిసింది.

ట్రాన్సిస్టరు మీద వాల్వు గెలిచిందని వాదించే ఉద్దేశం నాకు లేదు. మీ జేబులోని ఫోనులో ఉన్న యాంప్లిఫైయరు కొలతల్లో దీన్ని సులభంగా దాటిపోతుంది. అయితే ఆ ఫోనును విప్పి చూస్తే మీకు నల్లని చిప్పులు తప్ప మరేమీ కనబడవు. ఈ యంత్రంలో పాట ఏ తీగ వెంట లోపలికి వచ్చింది, ఎక్కడ పెరిగింది, ఎక్కడ మలుపు తిరిగి స్పీకరు దాకా చేరింది అన్నది వేలితో చూపించవచ్చు. సంగీతాన్ని మోయగలిగిన ఒక యంత్రం ఆసాంతం మనిషి కంటికీ చేతికీ అందేలా ఉండటం చాలా అరుదైన విషయం, దాన్ని మీతో పంచుకోవాలనే ఈరోజు వచ్చాను.

వాల్వు పుట్టుక మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే కనుక క్లుప్తంగా చెబుతాను. 1880లలో ఎడిసన్ తన విద్యుద్దీపాలతో పని చేస్తుండగా, వేడెక్కిన తీగ నుంచి శూన్యంలో అమర్చిన మరో లోహపు రేకుకు విద్యుత్తు ప్రవహిస్తోందని గమనించాడు. 1904లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ ఆ గుణాన్ని ఉపయోగించి, విద్యుత్తును ఒకే దిశలో పోనిచ్చే సాధనాన్ని చేశాడు. నీటిని ఒకవైపే వదిలే కవాటంలా పని చేస్తుంది కనుక దానికి వాల్వు అన్న పేరు వచ్చింది. 1906లో లీ డి ఫారెస్ట్ ఆ తీగకూ రేకుకూ మధ్య మూడో ఎలక్ట్రోడును పెట్టాడు, అదే తరువాత గ్రిడ్డు అయింది. కాలువకు తూము తలుపు అమర్చినట్లు అనుకోండి. ఎగువన చెరువు నిండా నీరున్నా, తలుపును ఎత్తడానికీ దించడానికీ ఒక మనిషి బలం చాలు. అలాగే గ్రిడ్డు మీద ఒక వోల్టు అటూ ఇటూ కదిలితే, ప్లేటు అని పిలిచే ఆ లోహపు రేకు దగ్గర పదుల వోల్టులు కదులుతాయి. ఆంప్లిఫికేషన్ అంటే అంతే.

ఇక కిట్ల సంగతి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో మిగులు విడిభాగాలు కుప్పలుగా పడి ఉండేవి. మిషిగన్ రాష్ట్రం బెంటన్ హార్బర్‌లోని హీత్ కంపెనీ ఆ భాగాలను కొని, 1947లో 39 డాలర్ల 50 సెంట్లకు ఒక ఆసిలోస్కోపును, అంటే విద్యుత్ సంకేతపు ఆకారాన్ని తెర మీద చూపే సాధనాన్ని, కిట్‌గా అమ్మింది. కొన్నవారే దాన్ని బిగించుకోవాలి. అదే ఏడాది ఏప్రిల్‌లో బ్రిటన్‌లో డి.టి.ఎన్. విలియమ్సన్ అనే ఇంజనీరు 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ఒక యాంప్లిఫైయరు సర్క్యూట్‌ను ప్రచురించాడు. 15 వాట్ల వద్ద కూడా వక్రీకరణ, అంటే సంకేతం ఆకారంలో వచ్చే తేడా, వెయ్యింట ఒక వంతుకు మించకుండా ఉండే ఆ రచన, ఇంట్లో కూర్చుని నాణ్యమైన యంత్రాన్ని కట్టుకోవచ్చన్న నమ్మకాన్ని ఎందరికో ఇచ్చింది. ఆపై 1959లో ఫిలడెల్ఫియాలోని డైనాకో సంస్థ స్టీరియో 70 అనే కిట్‌ను విడుదల చేసింది. నాలుగు ఇ.ఎల్.34 వాల్వులతో ఒక్కొక్క చానలుకు 35 వాట్లు ఇచ్చే ఆ కిట్‌లో, సున్నితమైన తొలి అంచెలను ముందే బిగించిన సర్క్యూట్ బోర్డు మీద ఇచ్చారు. బయాస్, అంటే పాట లేనప్పుడు వాల్వుల్లో పోవలసిన ప్రవాహాన్ని, సరిచేయడానికి కొనేవాడికి ఆసిలోస్కోపు అవసరం లేదు. ఒక నిర్ణీత బిందువు దగ్గర మీటరు పెట్టి 1.56 వోల్టులు వచ్చేదాకా చిన్న మరను తిప్పితే చాలు. అక్కడ 15.6 ఓముల నిరోధకం పెట్టారు కాబట్టి, 1.56 వోల్టులంటే రెండు వాల్వులూ కలిసి సరిగ్గా 100 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటున్నాయని అర్థం. వాడేవాడి చేతిలో ఉన్న సాధనమేమిటో ముందే ఊహించి, దానికి తగ్గట్టు లెక్క వేసిన ఆ ఆలోచన అంటే నాకు ఎంతో గౌరవం.

హీత్ కంపెనీ కిట్లతో వచ్చే హీత్‌కిట్ పుస్తకాలను గురించి కూడా ఒక మాట చెప్పాలి. ప్రతి అంచె పక్కనా, పని అయ్యాక గుర్తు పెట్టుకోవడానికి ఖాళీ ఉండేది. ఫలానా తీగను ఫలానా ట్యాగుకు, అంటే తీగలు అతికే లోహపు చెవికి, చుట్టండి, ఇంకా సోల్డరు చేయవద్దు, ఇక్కడికి మరో తీగ రావలసి ఉంది అని చెప్పేవారు. చివరి తీగ చేరినప్పుడు, ఇప్పుడు సోల్డరు చేయండి, ఇక్కడ ఇన్ని తీగలున్నాయో లేదో లెక్క చూసుకోండి అనేవారు. చదివేవాడు తెలివితక్కువవాడనే భావన ఆ వాక్యాల్లో ఎక్కడా ఉండదు. పక్కన కూర్చుని నేర్పే గురువు గొంతు వినిపిస్తుంది.

మన దేశంలో ఆ గురువు స్థానంలో వీధి చివరి రేడియో రిపేరు దుకాణం ఉండేది. బెంగళూరు జాలహళ్లిలోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1960లలో తయారు చేసిన వాల్వులు మన ఊళ్ల దాకా వచ్చేవి. పెళ్లిళ్లకూ శ్రీరామనవమి పందిళ్లకూ మైకు సెట్లు అద్దెకిచ్చేవారి యాంప్లిఫైయర్లు కూడా వాల్వులతో నడిచినవే. వాటిని బాగుచేసినవారిలో చాలామంది బడి చదువు ముగించినవారు కారు. సర్క్యూట్ మాత్రం వారి వేళ్లకు కంఠస్థం. ఈనాటికీ హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో నడుస్తూ ఉంటే, కండెన్సర్లను చేతితో తూచి మంచి చెడ్డలు చెప్పే పెద్దలు ఒకరిద్దరు కనిపిస్తారు. నా యంత్రంలోని ట్యాగు స్ట్రిప్పులు, సిరామిక్ సాకెట్లు అక్కడివే. కిట్‌తో వచ్చినవి వదులుగా ఉండటంతో మార్చాను.

ఇప్పుడు ఈ యంత్రం లోపలికి వెళదాం. ఒక్కొక్క చానలుకు ఇ.సి.సి.83లో ఒక సగం, ఒక ఇ.ఎల్.84 ఉన్నాయి. ఇ.సి.సి.83 ఒకే గాజు బుడ్డిలోని రెండు ట్రయోడులు, అంటే రెండు మూడు ఎలక్ట్రోడుల వాల్వులు, కాబట్టి, మొత్తం స్టీరియోకు మూడు వాల్వులే సరిపోయాయి. మొదటి అంచె సంకేతాన్ని సుమారు 50, 60 రెట్లు పెంచుతుంది. రెండోదైన ఇ.ఎల్.84 దానికి కండబలం ఇస్తుంది. ఈ వాల్వుకు తయారీదారులు ఇచ్చిన వివరపత్రం చూడండి: ప్లేటు మీద 250 వోల్టులు, ప్లేటు గుండా 48 మిల్లీ ఆంపియర్లు, గ్రిడ్డు మీద మైనస్ 7.3 వోల్టులు. 250 వోల్టులను 48 మిల్లీ ఆంపియర్లతో హెచ్చిస్తే 12 వాట్లు వస్తాయి. ఆ వాల్వు భరించగలిగిన గరిష్ఠ వేడి కూడా 12 వాట్లే. అంటే సంగీతం ఉన్నా లేకపోయినా అది తన పూర్తి శక్తితో నిలబడి ఉంటుంది.

మైనస్ 7.3 వోల్టుల కోసం ప్రత్యేకంగా బ్యాటరీ పెట్టలేదు. వేడెక్కి ఎలక్ట్రాన్లను వదిలే కెథోడుకూ భూమికీ మధ్య 135 ఓముల నిరోధకం పెట్టారు. ప్లేటు నుంచీ, స్క్రీను అనే రెండో గ్రిడ్డు నుంచీ వచ్చే మొత్తం 53.5 మిల్లీ ఆంపియర్లు దాని గుండా పోతే కెథోడు భూమికన్నా 7.2 వోల్టులు పైకి లేస్తుంది, గ్రిడ్డు భూమి దగ్గరే ఉండిపోతుంది. కెథోడు వైపు నుంచి చూస్తే గ్రిడ్డు అంత మేర కిందికి దిగినట్లే. ప్రవాహం పెరిగితే ఆ వోల్టులూ పెరిగి, గ్రిడ్డు మరింత బిగుసుకుని ప్రవాహాన్ని తగ్గిస్తుంది. ఒక్క రూపాయి నిరోధకం తనంతట తాను తప్పు దిద్దుకునే ఈ ఏర్పాటును నేను మొదటిసారి కాగితం మీద లెక్క వేసి, తరువాత మీటరు మీద చూసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అన్నిటికన్నా బరువైనది, ఖరీదైనది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. ఇ.ఎల్.84కు దాదాపు 5200 ఓముల భారం కావాలి, స్పీకరు ఇచ్చేది 8 ఓములే. 5200ని 8తో భాగిస్తే 650, దాని వర్గమూలం సుమారు 25.5. ప్రైమరీలో 25 చుట్లకు పైగా ఉంటే సెకండరీలో ఒక చుట్టు ఉండాలన్నమాట. లెక్క ఇంత సులువుగా ఉన్నా, చేత అంత సులువు కాదు. ప్రైమరీ గుండా ఎప్పుడూ ఒకే దిశలో 48 మిల్లీ ఆంపియర్లు పోతూ ఉంటాయి కనుక, ఇనుప రేకులు అయస్కాంతత్వంతో నిండిపోయి సంతృప్తమైపోకుండా వాటి మధ్య సన్నని సందు వదలాలి. ఆ సందు వదిలితే మంద్రస్థాయి ధ్వనులకు కావలసిన ఇండక్టెన్సు తగ్గుతుంది కాబట్టి, ఇనుమునూ రాగినీ మళ్లీ పెంచాలి. కిట్ కొనేటప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలని ఎవరైనా అడిగితే, నేను నిస్సంకోచంగా ఈ ట్రాన్స్‌ఫార్మరు బరువును చూపిస్తాను. పేరున్న పాత వాల్వుల కోసం వేలు పోసి, అరచేతిలో ఇమిడే ట్రాన్స్‌ఫార్మరుతో సరిపెట్టుకోవడం నా దృష్టిలో పొరపాటు.

బిగించే పనిలో మొదటివారం నేను సోల్డరింగు ఐరనును వేడి చేయనే లేదు. భాగాలన్నీ వరుసగా పెట్టి, ఒక్కొక్క నిరోధకాన్నీ మీటరుతో కొలిచి, సర్క్యూట్ కాగితం మీద పెన్సిలుతో గుర్తులు పెట్టాను. తరువాత ముందుగా, కెథోడులను వేడెక్కించే హీటరు తీగలు. మూడు వాల్వులకూ కలిపి 6.3 వోల్టుల వద్ద 1.8 ఆంపియర్లు పోయే ఈ తీగలు 50 హెర్ట్జుల అయస్కాంత క్షేత్రాన్ని చుట్టూ వెదజల్లుతాయి. అందుకని రెండు తీగలనూ జడ అల్లినట్లు బిగుతుగా పెనవేసి, చాసీ, అంటే లోహపు చట్రం, మూలలకు ఆనించి, సంకేతపు తీగలకు దూరంగా నడపాలి. అన్నిటికన్నా అడుగున ఉండవలసినవి కనుక, వాటిని మొదటే వేయకపోతే తరువాత వేయడానికి చోటుండదు. సోల్డరు పెట్టే ముందు తీగను ట్యాగుకు గట్టిగా చుట్టాలి. అతుకు తీగను కప్పడానికి, పట్టుకోవడానికి కాదు. బిందువు చల్లబడేటప్పుడు తీగ కదిలితే పైకి బాగానే కనిపించి, లోపల పట్టు లేని అతుకు తయారవుతుంది. మన మెకానిక్కులు దాన్ని డ్రై సోల్డరు అంటారు. ఆరు నెలల తరువాత వర్షాకాలపు రాత్రి గరగరలాడేది అదే.

ఇక్కడ కొంచెం కఠినంగా మాట్లాడాలి. ఈ యంత్రం కింద 300 వోల్టుల దాకా డి.సి. ఉంటుంది. ఫిల్టరు కండెన్సరు 100 మైక్రో ఫారడ్లు. అందులో నిలువ ఉండే శక్తి 4.5 జౌళ్లు, అంటే ఒక కిలో రాయి మూరెడు ఎత్తు నుంచి పడితే ఎంతో అంత. అది గుండె మీదుగా పోతే ప్రాణం పోవచ్చు. ప్లగ్గు పీకిన తరువాత కూడా ఆ శక్తి అక్కడే కూర్చుని ఉంటుంది. అందుకే కండెన్సరుకు అడ్డంగా 2 వాట్ల సామర్థ్యమున్న 220 కిలో ఓముల నిరోధకం పెట్టాను, దాని వల్ల 300 వోల్టులు 30 లోపుకు దిగడానికి 50 సెకన్లకు పైగా పడుతుంది. అయినా నిరోధకాన్ని నమ్మను. మీటరు పెట్టి చూడనిదే వేలు పెట్టను. కరెంటు ఉండగా కొలవవలసి వస్తే ఎడమ చేయి వెనక్కి పెట్టుకుంటాను, ఉంగరం, గడియారం తీసేస్తాను, చెప్పులు లేకుండా నిలబడను. చాసీకి ఎర్తు తీగ తప్పనిసరి. మూడో పిన్ను విరిచి ప్లగ్గు దోపే అలవాటున్నవారు దయచేసి ఈ పనికి దిగవద్దు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మన రిపేరు దుకాణాల్లోని సిరీస్ బల్బు బోర్డును మించిన సాధనం లేదు. 100 వాట్ల పాతకాలపు బల్బును యంత్రంతో వరుసలో కలిపి, ముందు వాల్వులు లేకుండానే స్విచ్చి వేశాను. బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోయింది. అలా ఆరిపోతే లోపల షార్టు లేదని అర్థం, వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపాలి. తరువాత వాల్వులు పెట్టి, స్పీకర్లు తగిలించి, మళ్లీ వేశాను. స్పీకరు లేకుండా వాల్వు యాంప్లిఫైయరును నడపకూడదు, భారం లేని ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి ఎగిరి చుట్ల మధ్య నిప్పురవ్వ పుట్టే ప్రమాదముంది. బల్బును తప్పించాక ఎడమ చానలు కెథోడు మీద 7.1 వోల్టులు చూపించింది. కుడివైపు మీటరు పెట్టేలోపే ఆ స్పీకరు చెవులు చిల్లులు పడేలా కేక వేసింది.

ఆ కేకకు కారణం వెతకడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. స్పీకరుకు వెళ్లే సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి మొదటి వాల్వు కెథోడుకు ఇస్తారు. అది అసలు సంకేతానికి ఎదురుగా పని చేసి, తప్పులను తగ్గిస్తుంది. కుడి ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ తీగలు రెండింటినీ నేను తారుమారుగా కలిపాను. అందువల్ల ఎదురు రావలసినది తోడు వచ్చి, యంత్రం తన కేకను తానే పెంచుకుంటూ పోయింది. ఆ తీగలను మార్చగానే నిశ్శబ్దం. తరగతిలో ఏళ్ల తరబడి నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ గురించి సూత్రాలు రాశాను కాని, ఆ సూత్రంలోని చిన్న గుర్తు తారుమారైతే ఏమవుతుందో నా చెవి అంతవరకు ఎరుగదు.

నిశ్శబ్దం అన్నాను కాని, స్పీకరుకు చెవి ఆనిస్తే సన్నని హమ్మింగు వినబడేది. హమ్మింగు కూడా తన పుట్టుక గురించి చెబుతుంది. లోతుగా, మందంగా ఉండే 50 హెర్ట్జుల ధ్వని అయితే హీటరు తీగల నుంచో, విద్యుత్ ట్రాన్స్‌ఫార్మరు నుంచో వస్తున్నట్లు. దానికి సరిగ్గా పై స్థాయిలో, కాస్త గరుకుగా ఉండే 100 హెర్ట్జులది అయితే, ఎ.సి.ని డి.సి.గా మార్చే రెక్టిఫయరు తరువాతి ఫిల్టరు చాలడం లేదని, లేదా భూమి తీగలు తప్పు చోట కలిశాయని అర్థం. నాది రెండో రకం. విడివిడిగా చాసీకి కలిపిన భూమి తీగలన్నిటినీ ఒకే బిందువుకు తెచ్చి, అక్కడి నుంచి ఒక్కచోటే చాసీకి కలపగానే అది పోయింది.

ఐదు వాట్లు ఏం సరిపోతాయని మీలో కొందరికి అనిపించవచ్చు. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 89 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరును తీసుకుందాం. శక్తి రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్స్ పెరుగుతాయి కాబట్టి 4 వాట్లకు 95 అవుతుంది. పది అడుగుల గదిలో వీణ వినడానికి ఒక్క వాటు కూడా ఎక్కువే. స్పీకరు సున్నితత్వం చూడకుండా యాంప్లిఫైయరు వాట్లు లెక్కపెట్టడం వల్లనే ఈ యంత్రాల మీద అపోహలు కలుగుతున్నాయి.

ఇక వాల్వు స్వరం మధురంగా ఉంటుందనే మాటలో నిజమెంత? ఇలా ఒకే వాల్వుతో నడిచే అంచెలో వక్రీకరణ ఉంటుంది, అందులో ప్రధానమైనది రెండో హార్మోనిక్, అంటే మూల ధ్వనికి రెండు రెట్ల పౌనఃపున్యం గల ధ్వని. 5.7 వాట్ల గరిష్ఠ స్థాయిలో మొత్తం వక్రీకరణ 10 శాతమని వివరపత్రమే చెబుతుంది. ఒక వాటు దగ్గర అది బాగా తక్కువ. సంగీతం తెలిసినవారికి దీన్ని ఇలా చెబుతాను. మధ్యస్థాయి షడ్జమానికి రెండో హార్మోనిక్ తారషడ్జమం, మూడోది దానిపై పంచమం, నాలుగోది ఇంకా పై షడ్జమం, ఐదోది అంతరగాంధారం. శ్రుతి చేసిన తంబూరాలో ఎవరూ మీటని గాంధారం తనంతట తాను పలుకుతుందే, అది ఈ ఐదోదే. రెండో హార్మోనిక్ చేరినంతలో షడ్జమానికి షడ్జమమే తోడవుతుంది కాబట్టి చెవి దాన్ని తప్పుగా పట్టుకోదు, నిండుదనంగా స్వీకరిస్తుంది. ఏడోది మాత్రం కైశికి నిషాదానికి కాస్త కిందుగా, ఏ స్వరానికీ చెందకుండా పడుతుంది. అలాంటివి కొద్దిగా కలిసినా చెవి ముడుచుకుంటుంది. అంటే ఈ మాధుర్యంలో కొంత భాగం యంత్రం కలిపినదే. వాద్యబృందం మొత్తం ఒక్కసారి మోగినప్పుడు ఇదే గుణం స్వరాలను ఒకదానితో ఒకటి కలిపి మసక చేస్తుంది కూడా. నేను ద్వారం వెంకటస్వామినాయుడు గారి వాయులీనానికీ, ఈమని శంకరశాస్త్రి గారి వీణకూ ఈ యంత్రాన్ని వాడుతాను. పెద్ద ఆర్కెస్ట్రా వినాలంటే ట్రాన్సిస్టరు యంత్రం వైపు వెళతాను.

ఖర్చులు కూడా దాచను. ఈ చిన్న యంత్రం గోడ నుంచి 50 వాట్లకు పైగా తీసుకుని, అందులో అధికభాగాన్ని వేడిగా గదిలోకి వదులుతుంది. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం పూట దీన్ని పెట్టమని ఎవరికీ సలహా ఇవ్వలేను. వాల్వులు కొన్ని వేల గంటల తరువాత అలసిపోతాయి. అయితే ఇవి రష్యా, స్లొవేకియా, చైనాలలో ఇప్పటికీ తయారవుతున్నాయి, సాకెట్ నుంచి పీకి కొత్తది పెట్టడానికి మెకానిక్కు అక్కర్లేదు.

వాల్వులు ఇప్పటికి బాగా వేడెక్కాయి. ముందు తంబూరా ఒక్కటే రెండు నిమిషాలు వినిపిస్తాను, నేను చెప్పిన గాంధారం వినబడుతుందేమో వెనక వరుసలవారు కూడా శ్రద్ధగా వినండి. ఆ తరువాత స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, యంత్రాన్ని తలకిందులు చేసి ఈ బల్ల మీద పెడతాను. తీగల అమరిక చూడదలచినవారు రావచ్చు. కండెన్సరు మీద నేను మీటరు పెట్టి, అది సున్నా చూపించిందని పైకి చదివిన తరువాత మాత్రమే దగ్గరికి రండి.